మనింటి నరసింహుడు వేషగాడు

ఖల్లికోట పూజగదిలో ఉన్న జానెడు కంచు నరసింహుణ్ణి మీరందరూ ముందునుంచే చూసుంటారు. ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. తల వెనకాల రెండు తాళ్లు ముడేసి ఉన్నాయి. అంటే అది మొహం కాదు, తొడుగు. కింద పీఠం కూడా పద్మం కాదు, అయిదు మెట్లు.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ముందువైపు బాగుందని పాస్ చెయ్యం, వెనకా చూస్తాం.

నాకు తెలిసి ఇది ప్రహ్లాద నాటకం బొమ్మ. గంజాంలో రాత్రంతా పాటలతో ఆడే నాటకం అది. హిరణ్యకశిపుడి సింహాసనం మెట్ల మంచె మీదే ఉంటుంది. నాటకం జలంత్ర రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద నడుస్తోంది. జలంత్రకోట ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది. 1936లో ఒరిస్సా వేరుపడేదాకా అదీ మనమూ ఒకే గంజాం జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ. ఒడియా వాళ్ల నాటకం కదా, మనకేంటి అనడానికి లేదు.

నేను కన్నడ మీడియంలో చదివినవాణ్ణి, వేషం అంటే నాకు యక్షగానమే. అక్కడ రాత్రంతా మేలుకున్నవాడికి ఇక్కడి మేళం కొత్తగా అనిపించలేదు.

ఇప్పుడు అసలు సంగతి. అమెరికా అన్నయ్య బొమ్మని పట్టుకెళ్తానంటున్నాడు. ముత్తాతగారి నాన్నగారు చేయించారని ఇంట్లో మాట. 1972 చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన లోహశిల్పం పురావస్తువు. మనలాంటివాళ్లు దాన్ని దేశం దాటించకూడదు. ఫొటోలతో రిజిస్టర్ కూడా చేయించాలి. అన్నయ్యా, కోపం తెచ్చుకోకు. సూట్‌కేసులో మాత్రం పెట్టకు.

ఇంకోటి, పండక్కి పండక్కి చింతపండుతో తోమడం ఆపేద్దాం. ఆ తాళ్ల ముడి ఇప్పటికే సగం అరిగిపోయింది. అదీ పోతే వేషగాడని చెప్పే ఆనవాలే ఉండదు.

"అయితే ఇన్నాళ్లూ వేషగాడికా దీపం పెట్టాం?" అంది పిన్ని. పిన్నీ, ఆ నాటకంలో నరసింహుడి తొడుగుకి పూజ చేస్తారు. కట్టుకున్నవాడికి ఆవేశం వస్తే పక్కవాళ్లు పట్టుకోవాలి. తంజావూరు వైపు మెలట్టూరులో, తెలుగులో ఆడే భాగవత మేళంలోనూ తొడుగుకి పూజ ఉంది.

కాబట్టి దీపం మానకండి. చింతపండు ఒక్కటే మానండి.