నీటికి వెఱవని కెమెరా: కోయిలకుంట్లనుండి మూడు యాత్రలు

నంద్యాల జిల్లాలో కుందూనదికి దాపున కోయిలకుంట్ల యను పట్టణము గలదు. 2022వ సంవత్సరమువరకు ఇది కర్నూలు జిల్లాలోనిది. చరిత్ర నెఱిగినవారికి ఈ పేరు వినగానే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తలపునకు వచ్చును. 1846లో కుంఫిణీ ప్రభుత్వముపై తిరుగబడిన ఆ వీరుని 1847 ఫిబ్రవరి 22వ తేదీన ఇచ్చటనే ఉరితీసిరి. ఊరిచుట్టును నల్లరేగడి నేలలు. జొన్న, ప్రత్తి, శనగ చేలు. కనుచూపుమేర చదునుగా నుండు ఈ సీమను చూచినవారు, ఇచ్చటినుండి పూటప్రయాణములో మూడు విధములైన జలవిచిత్రములను చూడవచ్చునని యూహింపజాలరు. తూర్పున ఆళ్ళగడ్డమీదుగా పోయినచో అహోబిలము కొండలలో దుముకు నీరు. ఈశాన్యమున మహానందిలో అద్దమువలె నిలిచి, నిలిచినట్లే పారు నీరు. నైరుతిమూలను బెలుము గుహలలో భూగర్భమున దాగిన నీరు.

ఈ మూడుచోట్లకును కెమెరాను తీసికొనిపోదలచు సోదరీమణుల కుపయోగపడునని, తడిసినను చెడని చిన్నకెమెరాను గూర్చి ఇచ్చట వ్రాయుచున్నాను.

మన కుటుంబములలోని ఆల్బములను తిరుగవేసి చూడుడు. గోపురము ముందర వరుసగా నిలిచినవారి చిత్రములుండును; పెండ్లిపీటలమీది చిత్రములుండును. కాని యాత్రలో మన మెచ్చట మనసార నవ్వితిమో, ఏటిలో కాళ్లుపెట్టి ఎచ్చట పిల్లలతో సమానముగా కేరింతలు కొట్టితిమో, ఆ చిత్రము మాత్రముండదు. నీరు కనబడగానే కెమెరా సంచిలోనికి పోవుచుండెను. పైగా, బిడ్డను చంకనెత్తుకొని, పులిహోర మూటను చేత బట్టుకొని నడచు తల్లికి, దెబ్బ తగులకుండ కాపాడవలసిన సున్నితపు యంత్రము నెవరు నమ్మి యిత్తురు? అందుచేత అది సామాన్యముగా మగవారి మెడలోనే వ్రేలాడుచుండెను.

స్త్రీలకును కెమెరాకును గల సంబంధము క్రొత్తది కాదు. రాజా దీనదయాళు 1892లో హైదరాబాదున స్త్రీలకై ప్రత్యేకముగా జనానా ఛాయాచిత్రశాలను నెలకొల్పి, దానిని ఒక ఆంగ్లస్త్రీ చేతిలో నుంచెను. పరదాలోని స్త్రీలు అచ్చట నిస్సంకోచముగా చిత్రములు తీయించుకొనుచుండిరి. తరువాత హోమాయి వ్యారావాలా కెమెరాను తానే చేతబట్టి, పత్రికలకు ఛాయాచిత్రములు తీసిన తొలి భారతీయస్త్రీగా పేరొందెను; 2011లో ఆమెకు పద్మవిభూషణ పురస్కారము లభించెను. గోడలమధ్య చిత్రమునకు కూర్చుండిన కాలమునుండి వీథిలో నిలిచి చిత్రము తీసిన కాలమునకు వచ్చితిమి. ఏటిలో దిగి తీయు కాలమిది.

నీటిలో చిత్రములు తీయవలెనను కోరిక కూడ పాతదే. ఫ్రాన్సుదేశపు శాస్త్రజ్ఞుడు లూయీ బూతాన్ 1893లో పెద్ద పెట్టెలో కెమెరా నమర్చి సముద్రములో చిత్రములు తీసెను. జలాంతర్యాత్రలకు ప్రసిద్ధుడైన జాక్ కూస్తో ప్రోత్సాహముతో వెలువడిన కెమెరాను ఆధారముగా జేసికొని, జపానులోని నికాన్ సంస్థ 1963లో నికోనాస్ అను దానిని విడుదల చేసెను. దానికి వేఱుగా పెట్టె యక్కఱలేదు. ఇక గృహస్థులకు పనికివచ్చునట్టి డిజిటల్ కెమెరాలలో ఒలింపస్ సంస్థవారు 2006లో తెచ్చినది 3 మీటర్ల లోతువఱకు తట్టుకొనెను. ఆ వంశములోనిదే 2023లో వచ్చిన టీ.జీ. 7. ఇది 15 మీటర్ల లోతున తడియదు; 2.1 మీటర్ల యెత్తునుండి పడినను, 100 కిలోల బరువు మోపినను చెడదు. సున్నకు 10 డిగ్రీల దిగువ చలిలోను పనిచేయును. ఇంతచేసియు దాని తూకము సుమారు 250 గ్రాములే, అనగా పావుకిలో కందిపప్పంత!

ఇందులోని రహస్యము మన వంటయింటివారికి తేలికగా బోధపడును. తక్కిన చిన్నకెమెరాలలో కటకము ముందుకు పొడుచుకొని వచ్చుచు, వెనుకకు పోవుచు నుండును. ఆ సందులలోనుండి నీరు, దుమ్ము లోపలికి దూరును. ఈ కెమెరాలో కటకపు కదలిక యంతయు గాజుపలక వెనుక, పెట్టెలోపలనే జరుగును. బ్యాటరీని, చిత్రములు నిలువయుండు కార్డును పెట్టు మూత యొకటి, తీగలు తగిలించుచోటి మూత యొకటి, ఈ రెండు మాత్రమే తెఱచునవి. ఆ మూతల యంచున మెత్తని రబ్బరు పట్టీ యుండును. ఆవకాయ జాడీకి వాసెన గట్టినట్లే దీనిని భావింపవలెను. జాడీ యెంత గట్టిదైనను ఒక్క తడిగరిటె పెట్టినచో ఊరగాయ బూజుపట్టును గదా! అట్లే ఆ పట్టీమీద తలవెండ్రుక యొకటి, ఇసుకరేణువొకటి నిలిచినను చాలును. 15 మీటర్ల మాట యటుండ, బిందెలోతు నీటిలోనే కెమెరా చెడిపోవును. కావున మూతలను ఇంటిదగ్గఱనే తుడిచి, చూచి, గట్టిగా బిగించి బయలుదేరవలెను. ఏటియొడ్డున తెఱువరాదు.

ఇక అహోబిలము. ఇది శ్రీవైష్ణవుల 108 దివ్యదేశములలో నొకటి. నల్లమల కొండలలో నరసింహస్వామి తొమ్మిది రూపములతో వెలసిన క్షేత్రము. ఎగువ అహోబిలమునుండి జ్వాలానరసింహుని సన్నిధికి పోవు త్రోవ భవనాశి వాగు వెంబడి నడచును. గుండ్లమీదుగా, చెట్లవేళ్లమీదుగా, కొన్నిచోట్ల నీటిలోనే నడువవలెను. తుదకు కొండచరియమీద స్వామి గుహను సమీపించునప్పటికి, పైనుండి జలధార యాత్రికులమీద పన్నీటిజల్లువలె పడుచుండును. ఎదుట లోయ, వెనుక ఎఱ్ఱని శిలాకుడ్యము, నడుమ సూర్యకిరణములు తగిలిన తుంపురులు. మామూలు కెమెరాను అచ్చట బయటికి తీసినచో నిమిషములో కటకము తడిసి చూపు మాసిపోవును. దీనికి ఆ బెంగ లేదు. తడిసిన గాజును మెత్తని గుడ్డతో ఒత్తి, మరల తీసికొనవచ్చును.

మేము పోయినది కార్తీకమాసము. వానలు వెనుకబడినను వాగులో నీరు నిండుగానే యున్నది. మాతో వచ్చిన మా చిన్నాడుబిడ్డ కెమెరాను మణికట్టునకు తగిలించుకొని, ధారను దగ్గఱగా తీయవలెనని ఒక నునుపుబండపైకి కాలు చాచినది. త్రోవ చూపుటకు వచ్చిన ముసలాయన వెంటనే కేకవేసెను.

“అమ్మా! ఆ బండ మింద కాలు పెట్టొద్దు, పాకుడుంటాది!”

“నీళ్లలో పడినా దీనికేమీ కాదు తాతా!” అని ఆమె నవ్వుచు కెమెరాను చూపినది.

“దానికి కాదులేమ్మా. నీకు గూడా ఏం గాదని ఎవురన్నా చెప్పినారా?” అని ఆయన యడిగెను.

ఆమె మాఱుమాట లేక కాలు వెనుకకు తీసికొన్నది. మేమందఱము నవ్వితిమి గాని, ఆ ప్రశ్నను మాత్రము నవ్వి విడువదగినది కాదు. పదునైదు మీటర్లు, రెండు మీటర్లు, నూఱు కిలోలు అను లెక్కలన్నియు యంత్రమునకు చెందినవి. మన మోకాటికి, మన చీలమండకు, మన చంకలోని బిడ్డకు అట్టి లెక్కలను ఏ సంస్థవారును వ్రాసి యీయలేదు. వడిగా పారు నీరు మోకాలిలోతున నున్నను పెద్దమనిషిని పడద్రోయగలదు. మన నెత్తిన మబ్బు లేకున్నను, పైకొండలలో కురిసిన వానకు వాగు హఠాత్తుగా పొంగవచ్చును. 2019 సెప్టెంబరులో కురిసిన కుంభవృష్టికి ఈ జిల్లాలోనే మహానంది యాలయములోనికి వఱదనీరు వచ్చెను. పూర్వపు కెమెరా పిఱికిది. నీటిని చూచి తాను వెనుకకు తగ్గుచు మనలను గూడ వెనుకకు లాగుచుండెను. ఈ కెమెరా ధైర్యశాలి. కావుననే దీనిని చేతబట్టినవారు తాము మఱింత జాగరూకలై యుండవలెను. అడుగు వేయునప్పుడు చిత్రము తీయరాదు; చిత్రము తీయునప్పుడు అడుగు వేయరాదు. ఈ ఒక్క నియమమును పాటించినచో సగము ప్రమాదములు తప్పును.

మఱియొక సంగతి. ఈ కెమెరా నీటిలో తడియదు గాని తేలదు. చేయి జాఱినచో అడుగునకు పోవును. బెండువంటి తేలిక పదార్థముతో చేసిన రంగుపట్టీలు దొరకును. దానిని తగిలించినచో నీటిపై తేలుచు కనబడును. తగిలింపకున్నచో పోయినదానికై వాగులో దిగబోకుడు.

మహానందిలోని నీరు దీనికి పూర్తిగా వేఱు స్వభావముగలది. ఆలయములోని ఊటనీరు కోనేటిని నింపి, పొలములకు పాఱుచుండును. కోనేరు సుమారు ఐదడుగుల లోతు. అడుగున పడిన కాసుకూడ పైనుండి స్పష్టముగా కనబడును. ఇట్టి తేటనీటిలో కెమెరాను ముంచి పట్టినచో, రాతిమెట్లపై ఎండ అల్లు వెలుగుల వలయు, పిల్లల చిన్నిపాదములును వింతగా కనబడును. నీటిలోని వస్తువులు ఉన్నదానికంటె దగ్గఱగా, సుమారు మూడవవంతు పెద్దవిగా తోచును. కావున కొంచెము వెనుకకు జరిగి తీయవలెను. లోతు పెరిగినకొలది ఎఱుపురంగు ముందుగా మాయమై అంతయు నీలిగా కనబడును గాని, ఐదడుగులలో ఆ బాధ యంతగా లేదు.

అయితే ఇచ్చట మఱచిపోరాని ధర్మమొకటి గలదు. కోనేరు స్నానఘట్టము. తడిచీరలతో నుండు మన తోడి యాత్రికురాండ్రు మన చిత్రములలో పడుట కిష్టపడి రాలేదు. స్త్రీ ఏకాంతమును చాటుగా చిత్రించుట 2013నుండి మన దేశములో ప్రత్యేక నేరముగా నున్నది; కాని చట్టమునకు పూర్వమే మర్యాద యొకటి యున్నది గదా! మన చిత్రమును పరులు తీసినచో మన కెట్లుండునో తలచుకొన్నచో చాలును. జనము లేని వేళను చూచికొని, మన పిల్లలను మాత్రమే తీయవలెను. దేవాలయములలో ఎచ్చట తీయవచ్చునో, ఎచ్చట కూడదో ముందుగా అడిగి తెలిసికొనవలెను. గర్భగృహమువైపు కెమెరాను త్రిప్పనే రాదు.

మూడవ యాత్ర బెలుము గుహలకు. కోయిలకుంట్లనుండి కొలిమిగుండ్ల వైపు పోవునప్పుడు నాపరాతి గనులు కనబడును. ఆ రాతిధూళి సన్నని పిండివలె బట్టలమీద, కనుబొమలమీద నిలుచును. నీటిని లోనికి రానీయని మూత ధూళినికూడ రానీయదు గనుక, ఈ త్రోవలోను ఇదే కెమెరా మేలు. ఈ గుహలను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు పేర్కొనెను. దాదాపు నూఱేండ్లకు, 1982 మొదలుకొని, డేనియల్ గెబౌర్ నాయకత్వమున జర్మనీవారు వీనిని శోధించి కొలిచిరి. మొత్తము పొడవు 3,229 మీటర్లు. అందు సుమారు ఒకటిన్నర కిలోమీటరు సందర్శకులు చూడవచ్చును. 2002లో ఇవి ప్రజలకు తెఱవబడినవి. సుణ్ణపురాతిని లక్షల యేండ్లు నీరు తొలిచి చేసిన సొరంగములివి. లోలోపల పాతాళగంగయను చోట నీటిబుగ్గ గలదు.

లోపల ఉక్క మిక్కుటము. చల్లని యంత్రము చేసిన కారులోనుండి దిగి తిన్నగా గుహలోనికి పోయినచో, కళ్లజోళ్లకు పట్టినట్లే కెమెరా గాజునకును ఆవిరి పట్టును. కావున ముందుగానే సంచిలో బయటిగాలికి కొంతసేపు నుంచవలెను. లోపల మూతలను తెఱచినచో ఆ తేమ కెమెరాలోనికే పోవును. బ్యాటరీని నిండుగా నింపుకొని పోవుటే యుక్తము. ఫ్లాష్ వెలుగు వేసినచో గాలిలోని తేమబిందువులు తెల్లని మచ్చలవలె చిత్రమంతట పడును. దానిని మాన్పి, కెమెరాను కమ్మీపైనో సంచిపైనో కదలకుండ నుంచి, ఊపిరి బిగబట్టి తీసినచో గోడల మడతలు చక్కగా వచ్చును. పైకప్పునుండి వ్రేలాడు రాతిజడలను మాత్రము తాకరాదు. వేలయేండ్లకు పెరిగినది ఒక్క పట్టుకు విఱుగును.

ఇంటికి వచ్చిన పిమ్మట కెమెరాను మూతలు మూసియుండగనే మంచినీటి గిన్నెలో కొంతసేపు నుంచి, మెత్తనిగుడ్డతో తుడిచి, నీడను ఆరబెట్టవలెను. పూర్తిగా ఆరినతరువాతనే మూత తెఱువవలెను. సముద్రస్నానమునకు పోయివచ్చినచో ఈ పని మఱింత ముఖ్యము. ఉప్పు ఎండి రబ్బరును, మీటలను పాడుచేయును. ఆ రబ్బరు పట్టీలు కాలక్రమమున బిగువు తప్పును. వాడినను వాడకున్నను ఏటేట వానిని మార్పించుట మంచిదని తయారుచేసినవారే చెప్పుచున్నారు.

ఇట్టి కెమెరా అందఱును కొనవలెనని నా యభిప్రాయము కాదు. వెల తక్కువ కాదు. ఇంటిలో, చీకటివేళలలో నేటి మంచి ఫోనులే దీనికంటె బాగుగా తీయగలవు. కొన్ని ఫోనులకు నీటిని తట్టుకొను గుణమును గలదు. కాని ఆ పరీక్ష నిలిచియున్న మంచినీటిలో చేసినది. తడిసి చెడినచో బాధ్యత తమది కాదని సామాన్యముగా అమ్మినవారందురు. ఇంటి లెక్కలు, బంధువుల నంబరులు అన్నియు నున్న ఫోనును వాగులో పోగొట్టుకొనుటకంటె, ఏడాదికి రెండు మూడు యాత్రలు చేయు కుటుంబమునకు వేఱుగా గట్టికెమెరా యొకటి యుండుట మేలు. ఇరుగుపొరుగులు కలిసి కొనుక్కొని, వంతులవారీగా వాడుకొన్నను తప్పులేదు.

కొన్నవారు దానిని బీరువాలో దాచిపెట్టకుడు. పిల్లల చేతికీయుడు, అత్తగారి చేతికీయుడు, పడినను పగులునదికాదు. తల్లి కనబడని ఆల్బము మన యిండ్లలో నింకను మిగిలియుండరాదు. ఏటి బండపై కాలుపెట్టుటకు ముందు మాత్రము, చేతిలోని యంత్రమునకు గల బలము కాలికి లేదని జ్ఞాపకముంచుకొనుడు. చిత్రము రాకున్నచో మఱుసటి యేట మరల పోవచ్చును.