శిక్షకుని కుమారుడు

యోగ్యత, బంధుత్వము అనునవి రెండును ఎదురెదురుగా నిలిచినపుడు తీర్పు చెప్పుట సులభము కాదు. ఉద్యోగముల నియామకములందు తలయెత్తు ఈ చిక్కు ఆటస్థలమునకును వచ్చును. ఒక కళాశాల జట్టునకు తండ్రి శిక్షకుడు. ఆ జట్టులో చేర గోరువాడు ఆయన కుమారుడు. వానికి కళాశాల ఉపకారవేతనము ఈయవచ్చునా, ఈయరాదా? ఈ ప్రశ్న అమెరికా దేశమున తరచుగా వినవచ్చును. అచ్చటి పద్ధతి తెలిసినగాని దానిలోని బరువు మనకు తెలియదు.

అమెరికావారు ఫుట్‌బాలు అని పిలుచునది మనమెరిగిన ఆట కాదు. రెండు కొనలును మొనదేలిన బంతిని చేతబట్టి పరుగెత్తుచు, విసరుచు, పక్షమునకు పదునొకండుగురు చొప్పున ఆడుదురు. విశ్వవిద్యాలయముల జట్లు తలపడునపుడు చూచుటకు వేలకొలది జనులు, కొన్నిచోట్ల లక్షకు పైగా, కూడుదురు. బాగుగా ఆడు బాలునికి విశ్వవిద్యాలయము ఉపకారవేతనమిచ్చి చేర్చుకొనును. సంపూర్ణ వేతనము లభించెనా, చదువు రుసుము, బస, భోజనము, పుస్తకములు అన్నియు దానితోనే జరిగిపోవును. కళాశాల చదువు మిక్కిలి వ్యయముతో కూడిన ఆ దేశమున బీద కుటుంబమునకు ఇది సామాన్యమైన మేలు కాదు. అయితే చోట్లు పరిమితములు. 2024 వరకు అత్యున్నత శ్రేణికి చెందిన జట్టు 85 మందికి మించి వేతనము లీయరాదను నియమముండెను. 2025లో ఆ నియమము మారి, పెక్కు జట్లకు ఆటగాండ్ర సంఖ్యయే 105కు మించరాదని నిర్ణయింపబడెను. లెక్క మారినను ఒక సంగతి మారలేదు. ఒకడు లోపలికి వచ్చినచో మరియొకడు వెలుపల నిలువవలసినదే.

నేను ఉపాధ్యాయుడను. ఒకనాడు ఈ విషయమును మా తరగతిలో వాదమునకు పెట్టితిని. ఉదాహరణముగా డియాన్ శాండర్స్ అను శిక్షకుని, ఆయన కుమారుడగు షెడ్యూర్‌ను గైకొంటిమి. డియాన్ తన కాలమున మిక్కిలి పేరొందిన ఆటగాడు. ఆయన 2020లో మిసిసిపీ రాష్ట్రమునందలి జాక్సన్ స్టేట్ విశ్వవిద్యాలయమునకు ముఖ్య శిక్షకుడయ్యెను. 2021లో కుమారుడు ఆ జట్టున ఆడ మొదలిడెను. 2022 చివర తండ్రి కొలరాడో విశ్వవిద్యాలయమునకు మారగా కుమారుడును వెంట వెళ్లెను.

“కాకి పిల్ల కాకికి ముద్దు. తండ్రి కన్నులకు కుమారుని లోపము కనబడునా?” అని ఒక బాలుడు వాదము నారంభించెను. “ఆ శిక్షకునకు కోట్లకొలది జీతము. ఆ యింటి బిడ్డకు ఉపకారవేతన మెందులకు? అచ్చట పెక్కు విశ్వవిద్యాలయములలో ఉద్యోగుల బిడ్డలకు రుసుములో రాయితీ కలదట. వేతనము లేకయే జట్టులో ఆడువారును కలరట. వాడట్లు ఆడరాదా?” అని వేరొకడు పలికెను.

ఎదుటి పక్షమువారు ఊరకుండలేదు. “ఈ వేతనము పేదరికమునకు చేయు సాయము కాదు, ఆటలోని నేర్పునకిచ్చు గౌరవము. ధనికుని బిడ్డ తరగతిలో ప్రథముడైనచో బహుమానము మానుదురా?” అనిరి. వారు లెక్కలు కూడ చూపిరి. 2022లో కొలరాడో జట్టు పండ్రెండు ఆటలలో ఒక్కటి మాత్రమే గెలిచినది. 2023లో షెడ్యూర్ ఆ జట్టు పక్షమున ఆడిన మొదటి ఆటయందే, క్రిందటి యేడు జాతీయ తుదిపోటీకి చేరిన జట్టుపై, బంతిని విసరి 510 గజములు సాధించి విశ్వవిద్యాలయపు రికార్డు నెలకొల్పెను. ఆ యేడు జట్టు నాలుగు ఆటలే గెలిచినను, 2024లో పదుమూడింట తొమ్మిది గెలిచెను. “ఎదుటి జట్టువారు వీడు శిక్షకుని కుమారుడని దారి విడిచిరా?” అని వారి ప్రశ్న.

గెలుపు వారిదే యని నేననుకొనుచుండగా, వెనుక వరుసలోని బాలిక ఒకతె లేచినది. “మాస్టారూ! ఆడినవాని లెక్కలు మనకు తెలిసినవి. చోటు దొరకక ఇంటికి పోయిన పిల్లవాని లెక్కలు ఎవరు వ్రాసిరి?” అని యడిగెను. తరగతి నిశ్శబ్దమయ్యెను.

ఆ ప్రశ్నయే ఈ వాదమునకు కీలకమని నాకు తోచినది. కుమారుడు తరువాత బాగుగా ఆడుట వాని నేర్పునకు నిదర్శనము. ఎన్నిక న్యాయముగా జరిగినదనుటకు అది చాలదు. న్యాయము ఎన్నిక వేళనే కనబడవలెను.

మా తండ్రిగారు ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయులు. మా అన్నగారు అచ్చటనే చదువుచుండిరి. జట్టును ఎన్నుకొను దినమున తండ్రిగారు మైదానమునకు సున్నపు గీతలు గీయించి, ఈలను మరియొక ఉపాధ్యాయుని చేతికిచ్చి, తాము గ్రంథాలయమునకు పోయెడివారు. అన్నగారు రెండేండ్లు జట్టులో నుండిరి. మూడవ యేట చోటు దొరకలేదు. ఆ మూడేండ్లలో ఏ బాలుడును ఎన్నికను గూర్చి ఒక్క మాట యనలేదు. “నాన్నగారు అచ్చట కూర్చుండినచో, నేను ఎంత బాగుగా ఆడినను నా ఆట నాది కాకపోయెడిది” అని అన్నగారు పిమ్మట చెప్పిరి.

మన హైదరాబాదున ఇంతకన్న పెద్ద ఉదాహరణము కలదు. సయ్యద్ అబ్దుల్ రహీం గారు 1950 నుండి 1963లో మరణించువరకు మనమెరిగిన ఫుట్‌బాలు ఆటలో భారత జట్టునకు శిక్షకులు. వారి శిక్షణలో మన జట్టు 1951, 1962 ఆసియా క్రీడలందు స్వర్ణపతకములు పొందెను. 1960 రోము ఒలింపిక్ క్రీడలకు వెళ్లిన జట్టులో వారి కుమారుడు హకీం కూడ నుండెను. హంగరీ, ఫ్రాన్సు, పెరూ దేశములతో మన జట్టు మూడు ఆటలాడెను. శిక్షకుడు తండ్రియే యైనను, ఆ మూడింట ఒక్కదానియందును హకీం మైదానమున దిగలేదు. ఆయన తరువాత అంతర్జాతీయ మధ్యవర్తియై, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కార మందుకొనెను.

కావున నా అభిప్రాయ మిది. శిక్షకుని కుమారుడగుట అర్హతయు కాదు, దోషమును కాదు. నేర్పున్నచో వానికి వేతన మీయవలసినదే. తండ్రి పేరు చూచి త్రోసివేయుట మరియొక అన్యాయము. కాని వాని నేర్పును తూచు త్రాసు తండ్రి చేత నుండరాదు. కొలత అందరికిని ముందుగా తెలియవలెను, ఇతరులు తూచవలెను.

విద్యార్థులారా! రేపు మీరును ఎన్నో ఎన్నికలు చేయుదురు. మీ ఎన్నిక సరియైనదో కాదో ఎన్నికైనవానిని అడుగకుడు. చోటు దొరకనివాడు “నా ఆటను కూడ చూచిరి” అని తలచుచు ఇంటికి పోగలిగినచో, ఆ ఎన్నిక న్యాయమైనది.