నక్కో అంటే వద్దు

మా ఖాందాన్‌లో పిల్లల చదువు బిస్మిల్లాతో మొదలయ్యేది. 4 ఏళ్ల 4 నెలల 4 రోజులు నిండాక కొత్త బట్టలు తొడిగి, మెడలో పూలహారం వేసి, మౌల్వీ సాబ్ ముందు కూర్చోబెట్టి 'ఇఖ్రా' అనిపించేవారు. చదువు అని దాని అర్థం. తర్వాత మిఠాయిలు. ఆ వయసుకి పిల్లలకు అడగడం, చెప్పుకోవడం వచ్చేసి ఉంటాయి.

మా చిన్న బేటీ రెండున్నరేళ్లకే గడప దాటాల్సి వచ్చింది. నాకు పత్రికాఫీసు, బేగంకి స్కూలు, మా అమ్మీకి మోకాళ్ల దర్ద్. మష్వరా చేసుకుని వీధి చివర డే కేర్‌లో చేర్చాలనుకున్నాం.

అందరూ బ్యాగు కొనండి, డబ్బా కొనండి అన్నారు. నా ఫికర్ వేరు. ఇంట్లో మాది ఉర్దూ. దాహమేస్తే 'పానీ హోనా' అంటుంది. అక్కడి ఆయమ్మకి తెలుగు తప్ప రాదు. ఎవరి కసూర్ లేకుండానే బిడ్డ దాహంతో ఏడుస్తుంది. ఉర్దూ మీడియం నుంచి తెలుగు డిగ్రీ క్లాసులోకి వెళ్లి కూర్చున్నవాణ్ని, మాట నోట్లోనే ఆగిపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అప్పటికి నేను పెద్దవాణ్ని. ఇది పసిది.

నెల ముందు నుంచే ఆటలా మొదలుపెట్టాం. గ్లాసు చూపించి 'పానీ, నీళ్లు'. కంచం ముందు 'భూక్, ఆకలి'. అమ్మీ తస్బీహ్ ఆపి, "మన జబాన్ మర్చిపోదా బచ్చీ?" అంది. "పానీ తీసెయ్యట్లేదమ్మీ, పక్కన నీళ్లు పెడుతున్నా" అన్నాను.

ఆయమ్మకీ ఓ కాగితం రాసిచ్చాను. పానీ, భూక్, సూసూ, నీంద్, పేట్ దుఖ్‌రా, నక్కో. ఎదురుగా తెలుగు. చదివి నవ్వింది. "నక్కో అంటే వద్దనా సార్! 'నాకో' అంటోందనుకుని ఇంకో ముద్ద పెట్టేదాన్ని."

మొదటి మూడు రోజులు బేగం పక్కనే అరగంట కూర్చుంది. తర్వాత గంట వదిలింది. చాటుగా జారుకోలేదు. 'ఖుదా హాఫిజ్, అసర్ అజాన్ కాగానే వస్తా' అని చెప్పే వచ్చేది. పసిదానికి గడియారం తెలియదు, అజాన్ తెలుసు. చెప్పిన వక్త్‌కి వెళ్లడం మన జిమ్మేదారీ.

వారం రోజులు ఏడ్చింది. రెండో వారం అజాన్ వినగానే చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడిందట. బేగంని చూసి మొదట అన్న మాట, "నీళ్లు హోనా".

మీ ఇంట్లోనూ చిన్నారి బయల్దేరుతుంటే, బ్యాగుకన్నా ముందు ఆ కాగితం రాయండి.