రేపల్లె లంకలకు వాయునౌక వచ్చేనా?

తెనాలి పట్టణం గుండా మూడు కాలువలు పారుతున్నాయి. ఒకప్పుడు వాటిపై పడవలు ధాన్యాన్ని మోసేవి. 1916లో రేపల్లెకు రైలు మార్గం పడింది, ఆ పైన రోడ్లు మెరుగయ్యాయి, పడవల రవాణా క్రమంగా కనుమరుగైంది. నిదానంగా పోయే వాహనాన్ని వేగంగా పోయేది తరిమివేయడమే రవాణా చరిత్ర అని మనం భావిస్తాము. అయితే దాదాపు తొంభై ఏళ్ల క్రితం మూలన పడిన ఒక నిదానపు వాహనాన్ని తిరిగి లేవనెత్తాలని అమెరికా, ఫ్రాన్స్, బ్రిటన్ దేశాల ఇంజనీర్లు నేడు శ్రమిస్తున్నారు. అదే ఎయిర్‌షిప్, అనగా గాలికన్న తేలికైన వాయువుతో తేలి, ఇంజన్లతో నడిచే వాయునౌక.

గత శీతాకాలంలో మేము, మా మదరసా ఉపాధ్యాయులు మరిద్దరు, తెనాలి నుండి రేపల్లెకు, అటు నుండి బాపట్లకు ప్రయాణించాము. లంక గ్రామాల పిల్లలను చదువులో చేర్చుకునే విషయమై వారి పెద్దలతో మాట్లాడవలసి ఉండినది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుండి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు కిందికి వచ్చినప్పుడు కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలాల లంకలు మునిగిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. కరకట్టకూ నదికీ మధ్యనున్న ఊళ్లవి. మనుషులను పడవల్లో తెచ్చుకోవచ్చు. గొడ్డూ గోదా సంగతే కష్టం. కట్ట మీద నిలబడి ఈ మాటలు వింటున్న ఒక బాలుడు, "హజ్రత్, పైన ఆగి నిలబడే ఓడ ఏదైనా ఉంటే మా బర్రెలను కూడా ఎత్తుకొచ్చేదా?" అని అడిగాడు. వాడు ఫోనులో ఏదో వీడియో చూశాడట. పిల్లవాడి ప్రశ్న అని తీసివేయదగినది కాదు.

ఫ్రాన్సులో ఫ్లయింగ్ వేల్స్ అనే సంస్థ తలపెట్టిన నౌక పొడవు 200 మీటర్లు. 60 టన్నుల బరువును, నేల మీద దిగకుండానే, తాళ్లతో ఎత్తి దించాలన్నది వారి సంకల్పం. బర్రె అర టన్ను అనుకుంటే నూట ఇరవై బర్రెలు! వాటిని తాళ్లకు ఒప్పించడం వేరే విద్య. ఇందులో మరొక చిక్కున్నది. 60 టన్నులు దించిన మరుక్షణం నౌక తేలికై పైకి లేచిపోతుంది. కనుక అంత బరువునూ వెంటనే నీటి రూపంలో ఎక్కించుకోవాలి. ఎడారిలో అది పెద్ద సమస్య. వరదలో ఉన్న కృష్ణ మీద నీటికేమి కరువు?

ఇంతకూ ఇది తేలేది ఏ వాయువుతో? పూర్వం హైడ్రోజన్ నింపేవారు. అది నిప్పు తగిలితే మండుతుంది. ఇంగ్లండు నుండి కరాచీకి బయలుదేరిన ఆర్101 నౌక 1930 అక్టోబరు 5న ఫ్రాన్సులో కూలి, 54 మందిలో 48 మంది మరణించారు. దాని కోసం కరాచీలో కట్టిన బ్రహ్మాండమైన షెడ్డు ఆ నౌకను ఎన్నడూ చూడలేదు. 1937 మే 6న అమెరికాలో హిండెన్‌బర్గ్ కాలిపోయి 36 మంది చనిపోవడంతో ప్రజలకు ఆ నమ్మకమే పోయింది. ఇప్పుడు వాడేది హీలియం. అది మండదు. ఘనమీటరు హీలియం సుమారు ఒక కిలో బరువును లేపుతుంది.

ఆ హీలియం కథ మన ఇంటి ముంగిటే మొదలైంది! 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు నుండి, మద్రాసు వేధశాలకు చెందిన పాగ్సన్ మచిలీపట్నం నుండి పరిశీలించారు. సూర్యుని అంచున లేచే జ్వాలల వెలుగును విడగొట్టి చూడగా, నాటికి తెలిసిన ఏ మూలకానికీ సరిపోని ఒక పసుపు గీత కనిపించింది. తర్వాత ఇంగ్లండులో లాకియర్ దానిని కొత్త మూలకంగా గుర్తించారు. సూర్యుని పేరిటే దానికి హీలియం అని పేరు వచ్చింది. భూమి మీద దానిని వేరు చేయడానికి 1895 దాకా ఆగవలసి వచ్చింది. రేపల్లె దాటి పెనుమూడి వారధి ఎక్కినప్పుడు, ఆ గ్రహణాన్ని కొలిచిన రెండు ఊళ్ల మధ్య ఉన్నామని మేము మా తోటివారితో అన్నాము. విచిత్రమేమంటే, నేడు మన దేశం తనకు కావలసిన హీలియంను దాదాపు అంతా విదేశాల నుండే కొంటున్నది. 200 మీటర్ల నౌకను నింపడానికి 1,80,000 ఘనమీటర్లు కావాలి. ఖరీదైన బేరమే.

బాపట్ల చేరాక మా ఉత్సాహం మరికొంత తగ్గింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది ఇక్కడే. గాలి వేగం గంటకు 90 నుండి 100 కిలోమీటర్లు. నేటి వాయునౌకల గరిష్ఠ వేగమే 120, 130. అంతటి గాలికి ఎదురు నిలబడితే నౌక ముందుకు పోవడం దేవుడెరుగు, ఉన్నచోట ఉండడమే గొప్ప. కట్టివేసినా ప్రమాదమే: 2017లో బ్రిటన్ వారి ఎయిర్‌లాండర్ నౌక కట్టుకొయ్య నుండి తెంచుకుని చిరిగిపోయింది. కొరిశపాడు వద్ద జాతీయ రహదారిపైనే అత్యవసర రన్‌వే నిర్మించారు. 2022 డిసెంబరులో యుద్ధ విమానాలు దానిపై తక్కువ ఎత్తులో ఎగిరి పరీక్షించాయి. విమానం రహదారి దాకా రాగలదు. లంక దాకా రాలేదు. ఆ మిగిలిన దూరమే వాయునౌకకు ఉన్న ఒకే ఒక అవకాశమని మా అభిప్రాయం. ప్రయాణికుల మాట వదిలివేయవచ్చు. తెనాలి నుండి హైదరాబాదు పోయేవారు రైలును వదిలి దీనినెందుకు ఎక్కుతారు?

డబ్బు సంగతీ చూడాలి. జర్మనీలో కార్గోలిఫ్టర్ అనే సంస్థ 360 మీటర్ల షెడ్డు కట్టి, నౌక కట్టకముందే 2002లో దివాలా తీసింది. ఆ షెడ్డులో ఇప్పుడు కృత్రిమ సముద్రతీరం, ఇసుక, తాటి జాతి చెట్లు పెట్టి టిక్కెట్టు వసూలు చేస్తున్నారు. సూర్యలంక తీరాన ఉచితంగా నిలబడిన మాకు అది తలచుకుంటే నవ్వు వచ్చింది. మన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ మాత్రం చిన్న అడుగే వేసింది. 2025 మే 3న మధ్యప్రదేశ్‌లోని షియోపూర్ నుండి పరికరాలతో వదిలిన వాయునౌక 17 కిలోమీటర్ల ఎత్తుకు చేరి, 62 నిమిషాలు ఎగిరింది. బరువులు మోసేది కాదది, నిఘాకూ పరిశీలనకూ ఉద్దేశించినది.

ఎప్పటికైనా బరువులు మోసే నౌక మన రాష్ట్రానికి వస్తే దాని షెడ్డును తీరాన కట్టరాదు. నరసరావుపేట వైపు, గాలి ఉధృతి తగ్గే లోతట్టున కట్టాలి. తుపాను దాటి గాలి నెమ్మదించాక అక్కడి నుండి లంకలకు సుమారు గంట ప్రయాణం. అంతవరకూ లంకలవారికి దిక్కు పడవలూ, గట్టి కరకట్టలే.