“ఆ రాయి కింద ఏముందక్కా?”

యూట్యూబ్‌లో ‘గుప్తనిధుల గుర్తులు’ అని కొట్టి చూడండి. రాతి మీద పాము ఉంటే నిధికి కాపలా, చెయ్యి ఉంటే అది చూపించే దిక్కున తవ్వాలి, సూర్యచంద్రులుంటే ఇక లంకెబిందెలే... ఇలా గుక్క తిప్పుకోకుండా చెప్పేవాళ్లు వరసపెట్టి వస్తారు. ఆ వీడియోలు నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఎంతగా నడుస్తున్నాయో నాకు మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు చూశాకే తెలిసింది.

మార్చిలో మా చిన్నాయిన కొడుకు అందులో ఒక ఫొటో పెట్టాడు. దేవరకొండ వైపు మా పాత చెలక గట్టు మీద ఒరిగి ఉన్న రాయి. పైన సూర్యుడు, నెలవంక. కింద కత్తి, డాలు పట్టుకున్న మనిషి. అతని పక్కన మోచేతి దగ్గర వంగి పైకి లేచిన ఒక చెయ్యి, చేతికి గాజులు. అడుగున అరిగిపోయిన రెండు వరసల అక్షరాలు.

“అక్కా, నువ్వు రాసేదానివి గదా, దీని కింద ఏమున్నదో జెర జెప్పు” అని వాయిస్ మెసేజ్. వెంటనే ఇంకోటి: “అంజనం ఏసేటాయన నలభై వేలు అడుగుతున్నడు.”

అప్పటికి నేను వేరే తవ్వకంలో ఉన్నా. మా వంశవృక్షం. 1954-55 ఖాస్రా పహాణీ నకలు తీయించాను. తెలంగాణలో భూమి గొడవ ఏదొచ్చినా పెద్దలు ముందు అడిగే కాగితం అది. అందులో తాత పేరు, తాత తండ్రి పేరు దొరికాయి. కానీ ఆ ముత్తాత భార్య పేరు ఏ కాగితంలోనూ లేదు. ఇంట్లో అడిగితే అందరూ “ముసలవ్వ” అన్నారు. అసలు పేరేంటంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

కాగితాలు చేయలేని ఈ పని ఒకప్పుడు పిచ్చిగుంట్లవాళ్లు చేసేవాళ్లు. ఇప్పుడు వాళ్లను వంశరాజ్ అంటున్నారు, వాళ్ల పనికి సరిపోయే పేరు. కోతలయ్యాక కాపుల ఇళ్లకొచ్చి గోత్రం ఎట్లా వచ్చింది, ఎవరికి ఎవరు పుట్టారు అన్నది కథగా చెప్పి వడ్లు తీసుకుపోయేవాళ్లు. తెలంగాణలో చాలా కులాలకు ఇట్లా కథ చెప్పే కులం ఒకటి ఉంది. పద్మశాలీలకు కూనపులివాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు. మా నాయిన చిన్నప్పుడు ఆ కథ విన్నాడు, రాసి పెట్టుకోవాలని ఎవరికీ తోచలేదు. మా ఇంటికొచ్చే కుటుంబం పట్నంలో సెంట్రింగ్ పనికి పోయి నలభై ఏళ్లయిందట.

ఏప్రిల్‌లో ఇద్దరం ఒకే కారులో బయల్దేరాం. తమ్ముడు బిందెల కోసం, నేను పేర్ల కోసం.

ముందు సూర్యాపేట పక్కన పిల్లలమర్రి. కాకతీయుల సామంతులు రేచర్ల రెడ్లు ఏలిన ఊరు. మహబూబ్‌నగర్‌లోని పెద్ద మర్రిచెట్టునూ పిల్లలమర్రి అనే అంటారు, మ్యాప్స్‌లో చూసుకుని పోండి. ఇక్కడి ఎరకేశ్వరాలయాన్ని 1208లో ఎరకసానమ్మ కట్టించింది. బేతిరెడ్డి భార్య. ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఆమె పేరు మనకు తెలుసు. మా ముసలవ్వ పోయి వందేళ్లు కూడా కాలేదు.

తమ్ముడి చూపంతా లింగం కింది పానవట్టం మీదే. ప్రతిష్ఠ చేసేటప్పుడు విగ్రహం కింద యంత్రం, నవరత్నాలు, కాస్త బంగారం పెట్టడం ఆచారం. పెట్టేది చిటికెడు. ఆ చిటికెడే నోటి నుంచి నోటికి పోయి బిందెలైంది. పాడుబడిన గుళ్లలో లింగాలను పెకలించి, నందుల పొట్టలు పగలగొట్టేది అందుకే.

బయట టీ తాగుతూ వాడికి రేచడి కథ చెప్పాను. రాచకొండ, దేవరకొండ ఏలిన రేచర్ల వెలమ రాజుల గురించి పుస్తకం కావాలంటే ‘వెలుగోటివారి వంశావళి’ ఉంది. నేలటూరి వెంకటరమణయ్య పరిష్కరిస్తే 1939లో మద్రాసు విశ్వవిద్యాలయం అచ్చేసింది. ఆ వంశానికి మూలపురుషుడని చెప్పే చెవిరెడ్డి గురించి ఒక కథ నడుస్తుంది. ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారుగానీ గుండెకాయ ఒకటే. పొలంలో నిధి బయటపడింది. దాన్ని కాచుకుని ఉన్న శక్తి నరబలి అడిగింది. పాలేరు రేచడు నేనే పోతానన్నాడు. ఒకటే షరతు, మీ వంశానికి నా పేరు పెట్టుకోవాలి. అట్లా రేచర్ల గోత్రం వచ్చిందంటారు.

తమ్ముడు గ్లాసు కింద పెట్టి, “అంటే పేరు పెట్టుకున్నరు, మనిషిని ఇచ్చిండ్రు” అన్నాడు. రేచడికి పెళ్లాం ఉందా, పిల్లలున్నారా, వాళ్లు ఏమయ్యారు? నేను చూసిన ఏ వంశవృక్షంలోనూ ఆ కొమ్మ లేదు.

పాత కథ అని వదిలేయడానికి లేదు. 2023 డిసెంబర్‌లో నాగర్‌కర్నూల్ పోలీసులు ఒకతన్ని అరెస్టు చేశారు. గుప్తనిధులు తీసిస్తానని నమ్మించి 2020 నుంచి 11 మందిని చంపాడని చెప్పారు. తెలంగాణ, ఆంధ్ర, కర్ణాటక, మూడు రాష్ట్రాల్లో. ఆ పేరు చెప్పగానే తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు, “మనాయన కూడ నల్లకోడితోని మొదలు వెడదామన్నడు. తర్వాత అదేం అడుగుతదో జూద్దామన్నడు.”

నల్లగొండ పక్కన పానగల్లులో పచ్చల సోమేశ్వరాలయం దగ్గర పురావస్తు మ్యూజియం ఉంది. ఛాయా సోమేశ్వరంలో లింగం మీద పగలంతా కదలకుండా పడే నీడ చూడ్డానికి వచ్చేవాళ్లలో సగం మంది దీన్ని చూడకుండా వెళ్లిపోతారు. గుర్తులు చదవడం నేర్చుకోవాలంటే రావాల్సిన చోటు ఇదే. శాసనం మీద సూర్యచంద్రులుంటే, ఈ దానం వాళ్లున్నంత కాలం చెల్లుతుందని. వీరగల్లు మీద ఉంటే, చచ్చిపోయిన వీరుడి పేరు అంతకాలం ఉంటుందని. శంఖచక్రాలు విష్ణాలయం భూమి హద్దు. రావి, వేప చెట్ల కింద పాము రాళ్లు పిల్లలు పుట్టాలని మొక్కుకున్నవాళ్లు నిలిపినవి. వాటి కింద తవ్వితే దొరికేది ఎవరో ఒక తల్లి మొక్కు.

ఒక విషయంలో నిధివేటగాళ్లది పూర్తిగా గాలి మాట కాదు. మధ్యయుగాల దానశాసనాల్లో ‘నిధి నిక్షేప జల పాషాణ అక్షీణి ఆగామి సిద్ధ సాధ్య’ అని వస్తుంది. అష్టభోగాలంటారు. నిధి అనే మాట నిజంగానే రాతి మీద ఉంది! అయితే అది ఇప్పటి సేల్‌డీడ్‌లో ‘సర్వహక్కులతో’ అన్నట్టుగా రాసే లైను. నేలలో ఏదైనా బయటపడినా, నీళ్లు పడినా, రాయి దొరికినా హక్కు దానం పుచ్చుకున్నవాడిదని. ఉందని కాదు, ఉంటే ఎవరిదని. ఆ కిందే శాపం కూడా ఉంటుంది. ఇచ్చిన భూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని. భూకబ్జాల జిల్లాల్లో ఈ లైనుకు కొంచెం ప్రచారం రావాల్సిందే.

నిధులు అసలు దొరకవా అంటే, దొరుకుతాయి. 2021 ఏప్రిల్‌లో జనగామ దగ్గర పెంబర్తిలో వెంచర్ కోసం భూమి చదును చేస్తుంటే బంగారు, వెండి నగలున్న బిందె బయటపడింది. అంజనం లేదు, కోడి లేదు. భూమిలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాసి ఇవ్వాలని 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం చెబుతుంది. దాచిపెడితే వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా. పది రూపాయలకు ఇవాళ టీ కూడా సరిగా రాదు, అంకె మాత్రం అదే.

ఆ రాత్రికి ఊళ్లో ఆగాం. అరిగిన అక్షరాలు చదవడానికి సున్నం, పిండి, నూనె ఏదీ పూయొద్దు. రాయి పాడవుతుంది. చీకటి పడ్డాక ఫోన్ టార్చిని ఎదురుగా కాకుండా పక్క నుంచి, రాతికి దాదాపు ఆనించి పట్టుకోండి. గీతల్లో నీడ పడి అక్షరాలు లేస్తాయి. టార్చి దిక్కు మార్చుకుంటూ పది ఫొటోలు తీయండి. మేం అదే చేసి, శాసనాలు చదివే ఒక రిటైర్డ్ సారుకు పంపాం. పొద్దున జవాబు వచ్చింది. మొదటి వరసలో ‘మల’ అని రెండక్షరాలు, రెండో వరసలో ‘కొడుకు’ అని మూడు. మిగతాది పోయింది.

మల అనేవాడి కొడుకో, మల్లయ్యో, మల్లిరెడ్డో. పశువుల్ని తోలుకుపోతున్నవాళ్లకు అడ్డంపడి చచ్చిపోయి ఉండొచ్చు, ఊరి మీద పడ్డవాళ్లతో కొట్లాడి ఉండొచ్చు. పక్కనున్న గాజుల చెయ్యి అతని భార్యది, అతనితో పాటే చితికెక్కించారని చెప్పే గుర్తు. ఆమెకు ఆ చెయ్యి తప్ప పేరు కూడా లేదు. వాళ్లు మా వంశంవాళ్లో కాదో చెప్పే దారి లేదు. నా చార్టులో ఏ గడీ నిండలేదు.

చిన్నాయిన మాత్రం ఇంకా రాయి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. “ఊకెనే నిలవెట్టరు గదా బిడ్డా, ఏదో ఉండే ఉంటది.” నేను చట్టం చెప్పాను, పదకొండు మంది సంగతి చెప్పాను. వినీ విననట్టు ఊకొట్టాడు. ఇదంతా దూరం నుంచి చూస్తున్న చిన్నమ్మ బిందెడు నీళ్లు తెచ్చి రాయిని కడిగింది. పసుపు రాసి, ఆ గాజుల చేతికి బొట్టు పెట్టి, “ఆడిమనిషి కాలి పోయిన జాగ. ఎవడు పార ఎత్తుతడో ఎత్తమను” అంది. అంజనమాయనకు ఆ సాయంత్రమే ఫోన్ పోయింది, రావొద్దని. పసుపు పూస్తే అక్షరాలు పూడుకుపోతాయని చెబుదామనుకుని నోరు మూసుకున్నా.

మర్నాడు అచ్చంపేట, నాగర్‌కర్నూల్, మక్తల్ దాటుకుని కృష్ణ ఒడ్డున ముడుమాలు చేరేసరికి ఎండ వాలుతోంది. పాత పాలమూరు, ఇప్పుడు నారాయణపేట జిల్లా. ‘నిలువురాళ్లు’ అంటారు ఇక్కడివాళ్లు. మూడు నాలుగు మీటర్ల పొడుగున్న రాళ్లు ఎనభై దాకా, వరసల్లో పేర్చిన చిన్నవి వేలల్లో. మూడు వేల ఏళ్లకు పైబడినవి. సూర్యుడి రాకపోకలు పట్టుకోవడానికి నిలిపారని పరిశోధకులంటే, శాపం తగిలి రాళ్లయిన మనుషులని ఊరివాళ్లు చెబుతారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి.

వీటి మధ్య ఒక రాతి మీద చిన్న చిన్న గుంటలు చెక్కి ఉన్నాయి. ఊరూ పేరూ లేని గుర్తులే, అక్షరం అసలే లేదు. కానీ కొన్నింటిని కలుపుతూ పోతే సప్తర్షి మండలం వస్తుంది. చీకటి పడ్డాక ఉత్తరం వైపు ఏడు చుక్కలూ పైకెక్కాయి. తమ్ముడు ఫోన్‌లో స్కై మ్యాప్ తెరిచి, రాతినీ ఆకాశాన్నీ మార్చి మార్చి చూస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆరు దగ్గర ఆగాడు. ఏడో గుంట మట్టితో పూడి ఉంది. కూర్చుని చూపుడు వేలితో మెల్లగా తీశాడు.