ఉక్కు ఊరిలో ఒక వారపు వార్తలు

వార్త ఒక్కటే అయినను, వినే ఊరును బట్టి దాని బరువు మారుచుండును. గోదుమల ధరను గూర్చిన మాట పంజాబు పల్లెలో ఒక విధముగాను, రేషను దుకాణము ముందు మరియొక విధముగాను వినబడును. 2022 మే నెలలో, 15వ తేదీ ఆదివారము మొదలుకొని మరుసటి ఆదివారము వరకు, నేను భిలాయిలో మా యింటి టెలివిజను ముందు చాలసేపు గడిపినాను. ఉద్యోగ విరమణ చేసినవానికి అది పెద్ద నేరము కాదు. ఆ వారములో ఆటలు, రాజకీయములు, ధరలు, యుద్ధము అన్నియు వచ్చినవి. అందులో యుద్ధమును గూర్చిన వార్త మాత్రము, మా ఊరివంటి కొద్ది ఊళ్లకు తప్ప, ఇతరులకు మావలె వినబడి ఉండదని నా నమ్మకము. ఏలననగా ఆ వారము తెరమీద కనిపించిన యుద్ధరంగము ఒక ఉక్కు కర్మాగారము.

ఆదివారము మాత్రము పండుగగానే గడిచినది. బ్యాంకాకులో మన పురుషుల బ్యాడ్మింటన్ జట్టు పదునాలుగు సారులు విజేతగా నిలిచిన ఇండొనీషియాను 3-0తో ఓడించి థామస్ కప్పు గెలిచినది. 1949 నుండి జరుగుచున్న పోటీలో మనకు అదియే మొదటి గెలుపు. చివరి ఆట గెలిచినవాడు కిదాంబి శ్రీకాంత్. అంతకుముందు జంటల ఆటలో చిరాగ్ శెట్టితో కలిసి గెలిచినవాడు అమలాపురము పిల్లవాడు సాత్విక్ సాయిరాజ్. మా వీథిలో తెలుగువారి ఇండ్లు నాలుగు. ఆ సాయంకాలము నాలుగిండ్లవారమును వాకిళ్లలో నిలిచి, ఆ రాకెట్లకు మేమే తీగలు బిగించినట్లు మాటలాడుకొన్నాము.

సోమవారమునుండి తెర మారినది. మన చానళ్లకు కాశీలోని జ్ఞానవాపి సర్వే దొరికినది. ఒకే తెరను ఎనిమిది గళ్లుగా చీల్చి ఎనమండుగురు ఒకేసారి అరచుచుండిరి. ఈ ప్రాంతమునకు టెలివిజను వచ్చిన తీరు ఎరిగినవారికి ఆ దృశ్యము చిత్రముగా తోచును. 1975 ఆగస్టు 1న మొదలై ఒక సంవత్సరము నడచిన ఉపగ్రహ ప్రయోగములో రాయపూరు ప్రాంతపు గ్రామములును ఉన్నవి. ఆకాశమందలి ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహమునుండి బొమ్మ దిగివచ్చును. పల్లెజనము బడి ముంగిట కూర్చుండి, సేద్యమును గూర్చియు, శిశుపోషణను గూర్చియు చెప్పు మాటలను ఊరంతటికి ఒకే పెట్టెలో చూతురు. నేడు ప్రతి గదికి ఒక పెట్టె కలదు. వినుటకు మాట మాత్రము తగ్గినది.

ఆ అరపుల నడుమ, రెండు మూడు నిమిషముల పాటు, మరియుపోల్ కనిపించెడిది. యుక్రెయిన్‌లోని ఆ రేవు పట్టణములో అజొవ్‌స్తాల్ అను కర్మాగారము క్రింది గదులలో వారాల తరబడి నిలిచిన సైనికులు 16వ తేదీనుండి బయటికి వచ్చుట మొదలిడినారు. 20వ తేదీకి అంతయు ముగిసినదని రష్యా ప్రకటించినది. లొంగినవారు రెండువేలకు పైబడినారని లెక్క చెప్పినది. మన వార్తాచదువరులు దానిని 'కోట' అన్నారు, 'సొరంగముల నగరము' అన్నారు. వారిని తప్పుపట్టలేను. కర్మాగారమును లోపలినుండి చూడనివానికి అది కోటగానే కనిపించును.

మాకు కోట కనిపించలేదు. కొలిమి పైకి ముడిసరుకును మోయు ఏటవాలు వంతెన కనిపించినది. దాని ప్రక్కన గాలిని కాచు స్టవ్వులు వరుసగా నిలిచి కనిపించినవి. నేను ప్లేటు మిల్లులో పనిచేసినవాడను. మా మిల్లును అందరును దాని అంకెతోనే పిలుచుదురు: 3600. అది రోలరు వెడల్పు, మిల్లీమీటర్లలో. అజొవ్‌స్తాల్‌లోని ప్లేటు మిల్లును 3600 మిల్లే. రెండును సోవియట్ కాలపు నమూనాలే. అక్కడను పట్టాలు చేసెడివారు, ఇక్కడను పట్టాలే మా ఊరికి పేరు. 1933లో మొదటి కొలిమి వెలిగిన అజొవ్‌స్తాల్ ఒకసారి జర్మనుల చేతిలో నాశనమై మరల లేచినది. ఇప్పుడు తెరమీద దాని షెడ్డు రేకులు చినిగి గాలికి ఊగుచుండగా నాకు కనిపించినది యుద్ధము కాదు. క్రేను నడుపువాడు లేని ఒక షాపు.

మా ప్రక్కింటి పెద్దాయన, నేను బాబాయిగారని పిలుచువారు, చూచినది వేరు. ఆయన 1958లో శ్రీకాకుళమునుండి ఇరువది యేండ్ల వయసున ఒక ట్రంకు పెట్టెతో వచ్చి, కూలిగా చేరి, కోక్ ఓవెన్లలోనే ఉద్యోగము ముగించినారు. మంగళవారము సాయంకాలము ఆయన తెరకు దగ్గరగా కుర్చీ జరుపుకొని, పొగగొట్టములను లెక్కపెట్టుచున్నట్లు చూచి అడిగినారు:

"బ్యాటరీలు చల్లారిపోయినట్టేనా బాబూ?"

యుద్ధము మొదలైన దినములలోనే ఆపివేసినారని నేను చదివినది చెప్పినాను. ఆయన మరి మాటలాడలేదు. కోక్ ఓవెన్ గోడలు సిలికా ఇటుకలతో కట్టినవి. వాటిని మొదట వేడి చేయుటకే వారముల తరబడి పట్టును. తొందరపడిన ఇటుక పగులును. ఒకసారి వేయి డిగ్రీలు దాటిన పిమ్మట వాటిని ఇక చల్లారనీయరాదు. సమ్మె వచ్చినను, బొగ్గు రాకున్నను, ఏదో ఒక విధముగా వేడిని నిలుపుదురు. చల్లారినచో ఇటుక కుంచించుకొని చీలును. అందుచేత 'ఆపివేసినారు' అనుమాట విని ఆయనకు దీపము ఆర్పినట్లు తోచలేదు. ఆయన మౌనము చావింటిలోని మౌనము. ఆ బ్యాటరీల దగ్గర గ్యాసు మండిననాడు ఏమగునో కూడ ఈ ఊరికి తెలియును. 2018 అక్టోబరు 9న ఇక్కడ కోక్ ఓవెన్ గ్యాసు గొట్టము దగ్గర మంటలు లేచి పదిమందికి పైగా మరణించినారు. దేశపు తెరమీద ఆ వార్త ఎక్కువకాలము నిలువలేదు.

ఇక్కడ ఒక మాటను గూర్చి చెప్పవలెను. భిలాయిలో పెద్దలు 'రష్యావారు' అందురు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ ప్రభుత్వముతో ఒడంబడిక జరిగినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి కొలిమిని ప్రారంభించినారు. ఆ నాలుగేండ్లలోను, తరువాతను వచ్చిన ఇంజనీర్లు, ఫోర్మన్లు, వారి భార్యలు, పిల్లలు అందరును మాకు రష్యావారే. ఆ స్నేహమునకు గురుతుగా మైత్రీబాగ్ తోట నేటికిని ఉన్నది. కాని వచ్చినవారు ఒక దేశపువారే గాని ఒక జాతివారు కారు. సోవియట్ సమాఖ్య ఉక్కులో గొప్పభాగము యుక్రెయిన్‌దే: దొనెత్స్ బొగ్గు, క్రివీరీ ఇనుపరాయి, నీపర్ నది విద్యుత్తు. భిలాయి నిర్మాణమునకు సోవియట్ పక్షమున ప్రధాన ఇంజనీరుగా నిలిచిన వెనియమిన్ దిమ్‌షిట్స్ 1910లో క్రిమియాలోని ఫెయొదోసియాలో పుట్టినవాడు. యుద్ధములో నేలమట్టమైన జపొరీజియా ఉక్కు కర్మాగారమును మరల నిలువబెట్టిన నిర్మాణ సంస్థకు 1946 నుండి నాయకత్వము వహించి, ఆ అనుభవముతో ఇక్కడికి వచ్చినవాడు. జర్మను బాంబులు కూల్చిన కర్మాగారమును ఎత్తి నిలిపిన చేతులే మా కొలిమికి పునాది పోయించినవన్నమాట. పుట్టిన ఊరు క్రిమియాలో, పేరు తెచ్చిన పని జపొరీజియాలో. ఆయనను ఏ పక్షమువాడనవలెను?

ఆ వారము సాయంకాలపు నడకలో పెద్దలు ఈ విషయముననే తగవులాడుకొన్నారు. మనకు ఉక్కు ఇచ్చినది రష్యా, 1971లో మన పక్షమున నిలిచినది రష్యా, కనుక మనమును దాని పక్షముననే ఉండవలెనని ఒకరు. ఇంకొకరి కుమారుడు ఉద్యోగరీత్యా పోలండులో ఉన్నాడు. అక్కడి రైలు స్టేషన్లలో పసిబిడ్డలతో దిగిన తల్లులను అతడు చూచినాడు. ఆయన ఆ వాదమునకు ఒప్పలేదు. ప్రభుత్వములకు తమ లెక్కలు ఉండును. చమురు, ఆయుధములు, ఐక్యరాజ్యసమితి ఓట్లు. వాటిని నేను కాదనను. కాని కృతజ్ఞత వేరు. మేము ఋణపడిన దేశము 1991లోనే పటమునుండి పోయినది. దాని ఐరాస పీఠము మాస్కోకు వారసత్వముగా దక్కినంతమాత్రమున మా ఋణమంతయు అక్కడికే బదిలీ అయినదని నేను అంగీకరింపలేను. ఫోర్మను నేర్పిన పనికి ఋణము ఫోర్మనుకే చెల్లవలెను. అతని మనుమడు ఆ వారము మరియుపోల్ మెట్లక్రిందనే ఉన్నాడేమో, ఎవరెరుగుదురు?

యుద్ధమును చూడకయే వినుటకు ఈ నేల ఎప్పటినుండో అలవాటుపడినది. ఛత్తీస్‌గఢ్ పల్లెలలో పాండవానీ పాడుదురు. భిలాయి దగ్గరి గనియారిలో పుట్టి, ఈ ఉక్కు కర్మాగారములోనే ఉద్యోగము చేసిన తీజన్ బాయి ఆ గానమునకు దేశాంతరములలో పేరు తెచ్చినారు. 2019లో పద్మవిభూషణ్ పొందినారు. ఆమె చేతి తంబూరా ఒక క్షణము భీముని గద, మరుక్షణము అర్జునుని విల్లు. భాష పూర్తిగా రాకపోయినను మేము భారతము ఎరిగినవారము గనుక అర్థమగును. భారతములో సంజయుడు మొదట వచ్చి చెప్పినది ఫలితము: భీష్ముడు పడినాడని. అప్పుడు ధృతరాష్ట్రుడు ఎట్లు పడినాడు, ఆ వేళ ప్రక్కన ఎవరున్నారు, ఎవరు విడిచిపోయినారు అని ప్రశ్నమీద ప్రశ్న వేసినాడు. ఆ గ్రుడ్డిరాజుకు ఎన్ని దోషములున్నను, ప్రశ్నలు మాత్రము సరియైనవి. ఆ వారమంతా మన తెరమీద ఒక్కరైనను ఆ కర్మాగారములో నిన్నటిదాక పనిచేసినవారు ఎందరు, వారేమైనారు అని అడుగగా నేను వినలేదు. అడిగిన చానలు ఎక్కడనో ఉండవచ్చును. మా కేబులులో అది రాదు.

గురువారము మరియొక సంతోషము. ఇస్తాంబులులో నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 52 కిలోల తరగతిలో ప్రపంచ బాక్సింగ్ విజేత అయినది. శనివారము రాత్రి ప్రభుత్వము పెట్రోలు, డీజిలు పన్నులు తగ్గించి, దానితోపాటు పలు ఉక్కు సరుకుల ఎగుమతిపై 15 శాతము సుంకము విధించినది. యుద్ధముతో ప్రపంచమంతట ఉక్కు ధర పెరిగినది. దేశములోపల ధర దిగవలెనని ఈ ఏర్పాటు. ఆ సుంకమును నవంబరులో తీసివేసినారు గాని, ఆ ఆదివారము ఉదయము మా వీథిలో వేరే మాట లేదు. షేర్లు ఎంత పడును, ఇల్లు కట్టుకొనువారికి ఇనుపచువ్వ ఎంత దిగును అనియే లెక్కలు. మరియుపోల్ అప్పటికే తెరమీదనుండి పోయినది.

బాబాయిగారు మాత్రము ఆ ఉదయము మా యింటికి వచ్చి, ఫోనులో జపొరీజియా చూపుమన్నారు. పటములో నదిని, ఆనకట్టను, దాని ప్రక్కన కర్మాగారపు నల్లని మచ్చను చూపినాను. యుద్ధము ఎంత దూరమని అడిగినారు. దక్షిణమున కొన్ని పదుల కిలోమీటర్లే అన్నాను.

"మరి అది నడుస్తున్నదా?"

మార్చిలో ఆపినారనియు, ఏప్రిలులో మరల రాజేసినారనియు చెప్పినాను.

"అయితే వేడి పోనీయలేదన్నమాట," అని ఆయన కళ్లజోడు తీసి తుడుచుకొని, కాఫీ తెమ్మని లోపలికి కేక వేసినారు.