మాంటెరీలో పాత కార్ల తిరునాళ్లు

కాలిపోయి, నలిగిపోయి, అది కారని చెబితే తప్ప తెలియని ఓ ఇనుప ముద్ద. మన పాత సామాన్లవాడైతే కాటా మీద పెట్టి కిలోల లెక్కన కొంటాడు. 2023 ఆగస్టులో అమెరికాలోని మాంటెరీలో దాన్ని వేలం వేస్తే 18.75 లక్షల డాలర్లు పలికింది. అప్పటి మారకంలో పదిహేను కోట్ల రూపాయల పైమాటే! అది 1954నాటి ఫెరారీ 500 మాండియాల్ అనే రేసుకారు. ప్రమాదంలో కాలిపోయి దశాబ్దాలపాటు మూలన పడి ఉంది. దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలంటే ఇంకెంత ఖర్చవుతుందో! మరి అంత డబ్బు పోసి కొన్నది దేన్ని?

ఆ సంగతి తెలియాలంటే ఆగస్టులో మాంటెరీ వెళ్లాలి. అక్కడ ఏటా వారంపాటు పాత కార్ల తిరునాళ్లు జరుగుతాయి. ఊరేగింపులు, పందాలు, ప్రదర్శనలు, వేలంపాటలు... ఏ వీధిలో నిలబడ్డా మన తాతల కాలంనాటి కారొకటి గుర్రుమంటూ వెళ్తుంది. గత ఆగస్టులో ఫ్రీమాంట్‌లో ఉంటున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఆ సంబరం చూసే అవకాశం దొరికింది.

వెల్లుల్లి వాసన దాటితే...

ఫ్రీమాంట్ నుంచి మాంటెరీకి కారులో సుమారు రెండు గంటల ప్రయాణం. శాన్‌హోజే దాటి 101 హైవే మీద దక్షిణంగా వెళ్తే గిల్రాయ్ వస్తుంది. వెల్లుల్లికి పేరుమోసిన ఊరు. అద్దం కాస్త దించితే చాలు, తిరగమోత వాసన! అక్కడినుంచి పడమటికి తిరిగితే స్ట్రాబెర్రీ తోటలు, కూరగాయల పొలాలు. ఆ తర్వాత ఒక్కసారిగా పసిఫిక్ సముద్రం, దానిమీద తెల్లటి మంచు. ఆగస్టు కదాని మా ఆవిడ శాలువా తేలేదు. తీరా చూస్తే మధ్యాహ్నం కూడా చలే. ఇక్కడ వేసవంటే ఇంతేనట.

మాంటెరీ ఒకప్పుడు సార్డిన్ చేపల ఊరు. చేపల్ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలు బారులుతీరిన వీధే కేనరీ రో. జాన్ స్టయిన్‌బెక్ 1945లో ఆ పేరుతోనే నవల రాశారు. చేపలు తగ్గిపోయాక ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. వాటిలో ఒకదాని స్థలంలోనే 1984లో పెద్ద అక్వేరియం వెలిసింది. పిల్లలతో వెళ్లేవాళ్లు దానికి ఓ పూట కేటాయించుకోవాల్సిందే.

పచ్చికమీద పందెంకోళ్లు!

పక్కనే పెబుల్ బీచ్. సముద్రాన్ని ఆనుకుని పేరుమోసిన గోల్ఫ్ మైదానం ఉంది. 1950లో ఇక్కడి అడవి దారుల్లో కార్ల పందాలు మొదలుపెట్టారు. దానికి తోడుగా కార్ల అందాల పోటీ కూడా పెట్టారు. దారికి రెండువైపులా చెట్లు... అదుపుతప్పితే అంతే. 1956లో ఎర్నీ మెకాఫీ అనే డ్రైవరు చెట్టుకు గుద్దుకుని చనిపోవడంతో అక్కడ పందాలు ఆపేశారు. మరుసటి ఏడాది దగ్గర్లోనే లగూనా సెకా అనే రేసు ట్రాక్ సిద్ధమైంది. అక్కడ ‘కార్క్‌స్క్రూ’ అనే మలుపు ఉంది. ఎడమకీ కుడికీ తిరిగేలోపు కారు అయిదంతస్తుల మేడంత ఎత్తునుంచి కిందికి జారినట్టు దిగుతుంది. తిరునాళ్ల వారంలో పాత రేసుకార్లు ఆ ట్రాక్ మీద నిజంగానే పోటీ పడతాయి. కోట్ల విలువచేసే కార్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వెళ్తుంటే చూసేవాళ్ల గుండెలే జారిపోతాయి.

అందాల పోటీ మాత్రం పెబుల్ బీచ్‌లోనే ఉండిపోయింది. ఆదివారం తెల్లవారుజామున, మంచు విడకముందే, కార్లు ఒక్కొక్కటిగా పచ్చికమీదికి వస్తాయి. ఆ దృశ్యం చూడటానికి చీకటితోనే జనం చేరతారు. న్యాయనిర్ణేతలు ప్రతి స్క్రూనీ పరీక్షగా చూస్తారు. లైట్లు వెలగాలి, ఇంజిను తిరగాలి. అంతకుముందే జరిగే రోడ్డు యాత్రని పూర్తిచేసిన కారుకీ చేయని కారుకీ సమానంగా మార్కులొస్తే, పూర్తిచేసినదానికే మొగ్గు. అంటే ఇది అద్దాలపెట్టెలో బొమ్మ కాదు, నడిచే కారు అని రుజువు చేసుకోవాలన్నమాట.

ఇన్నేళ్లూ ఇక్కడ పెద్ద బహుమతి అందుకున్నవి కొత్త పెళ్లికూతురిలా ముస్తాబైన కార్లే. 2024లో మాత్రం 1934నాటి బుగాటి టైప్ 59 గెలిచింది. ఒకప్పుడు బెల్జియం రాజు మూడో లియోపోల్డ్ దగ్గరున్న కారది. దానికి కొత్త రంగు వేయలేదు, మెరుగులు దిద్దలేదు. పాతబడిన రంగుతో ఉన్నదున్నట్టుగా వచ్చింది. అలా కాపాడుకుంటూ వచ్చిన కారుకి ఇక్కడ అగ్ర బహుమతి రావడం అదే మొదలు. ఆ ఫలితం వేలంపాటల్లోనూ మారుతున్న అభిరుచికి గుర్తు. రంగు ఎప్పుడైనా వేసుకోవచ్చు, పోయిన అసలుని మాత్రం తెచ్చుకోలేం!

పుట్టుమచ్చలు కలవాలి

మేం చూసిన వేలం ఓ హోటల్ ప్రాంగణంలో జరిగింది. లోపల వేదిక, బయట వరుసలుగా కార్లు. ఓ మూలన ముదురాకుపచ్చ రంగు జాగ్వార్ ఈ-టైప్ ఉంది. 1961లో జెనీవా ప్రదర్శనలో ఈ మోడల్ బయటికొచ్చినప్పుడు ప్రపంచం కళ్లప్పగించి చూసింది. పొడవాటి ముక్కు, గంటకు దాదాపు 240 కిలోమీటర్ల వేగం. 1974 వరకూ తయారైన 70 వేలకుపైగా కార్లలో చాలాభాగం అమెరికాకే వచ్చాయి. మేం చూసింది 1967నాటిది.

పక్కనే మడతకుర్చీలో డెబ్బై దాటిన పెద్దాయన. ఆ కారుని తుక్కుధరకి కొని, తొమ్మిదేళ్లపాటు తన షెడ్డులోనే బాగుచేసుకున్నాడట. ముందు పెట్టిన బల్లమీద నాలుగు లావుపాటి ఆల్బమ్‌లు ఉన్నాయి. తుప్పుపట్టి చిల్లులు పడిన అడుగు రేకు, దాన్ని కోసి కొత్తది అతికిన తీరు, టింకరింగ్, ఒక్కో పొర రంగు... అన్నిటికీ ఫొటోలున్నాయి. ఏ సామాను ఎక్కడ కొన్నాడో బిల్లులున్నాయి. జాగ్వార్ వారసత్వ సంస్థ ఇచ్చిన ధ్రువపత్రం కూడా ఉంది. కారు ఏరోజు తయారైందీ, అసలు రంగేమిటీ, ఛాసిస్, ఇంజిను, గేర్‌బాక్సుల నంబర్లేమిటీ అందులో ఉంటాయి. ‘ఎరుపు వేస్తే గిరాకీ బాగుంటుందన్నారు. కానీ ఇది పుట్టింది ఈ రంగుతోనే’ అన్నాడు.

కారు ముందు ఓ అట్ట కూడా పెట్టాడు. ‘ఈ ఇంజిను ఈ కారుతో వచ్చింది కాదు. అదే కాలంనాటి మరో ఈ-టైప్‌ది’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. పాత కార్ల బజారులో నంబర్లన్నీ కలవడం పుట్టుమచ్చలు కలవడంలాంటిది. ఒక్క ఇంజిను మారినా ధర బాగా తగ్గుతుంది. ‘మరి అంత పెద్దగా ఎందుకు రాశారు?’ అని మా అబ్బాయి అడిగాడు.

‘ఇవాళ నేను చెబితే ధర తగ్గుతుంది. రేపు కొన్నవాళ్లు కనిపెడితే మిగతా ఆల్బమ్‌లన్నీ అబద్ధమైపోతాయి’ అన్నాడాయన.

‘ఎందుకు అమ్ముతున్నారు మరి?’ అంటే మోకాలు తట్టి చూపించాడు. అంత కిందికి ఉండే సీట్లో కూర్చుంటే లేవలేకపోతున్నాడట. పిల్లలుండేది అపార్ట్‌మెంట్లలో. కారు పెట్టుకునే చోటే లేదు.

సుత్తి పడేవరకూ...

వేలానికి పెట్టేవాళ్లు ‘ఇంతకన్నా తక్కువకి ఇవ్వను’ అని ఓ ధర నిర్వాహకులకి చెప్పుకోవచ్చు. దాన్నే రిజర్వు అంటారు. పాడేవాళ్లకి అదెంతో తెలియదు. పాట అక్కడిదాకా రాకపోతే కారు వెనక్కి వెళ్లిపోతుంది. మర్నాడు పేపర్లలో వచ్చే ధరంతా అమ్మినవాళ్లకి చేరదు. అందులో కొన్నవాళ్లు నిర్వాహకులకిచ్చే పది, పన్నెండు శాతం రుసుము కలిసి ఉంటుంది. అమ్మినవాళ్లూ కమిషన్ ఇచ్చుకోవాల్సి ఉంటుంది. 2018లో ఇదే మాంటెరీలో 1962నాటి ఫెరారీ 250 జీటీఓ 4.84 కోట్ల డాలర్లు పలికింది. అప్పటి లెక్కన సుమారు 340 కోట్ల రూపాయలు! అలాంటి కార్లు మొత్తం చేసింది 36 మాత్రమే. ఎవరు నడిపారో, ఏ పందెంలో ఎన్నో స్థానంలో వచ్చిందో ప్రతిదానికీ లెక్క ఉంది. ఆ కాలిన మాండియాల్‌కి అంత ధర పలికిందీ అందుకే. రేకు పోయినా పేరు పోలేదు.

పెద్దాయన కారు వంతు వచ్చింది. పాట చకచకా పెరిగి ఓచోట ఆగిపోయింది. నిర్వాహకుల తాలూకు మనిషి వచ్చి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. వెనక్కి తీసుకెళ్తే మళ్లీ లారీ ఖర్చు, మరో ఏడాది ఎదురుచూపు. ఆయన నేలవైపు చూసి, తలూపాడు. ‘రిజర్వు తీసేశాం’ అని మైకులో చెప్పారు. ఇంకో రెండు పాటలు... సుత్తి పడింది.

బయట ఓ యువజంటకి తాళాలిస్తూ ‘చలిలో చోక్ సగమే లాగండి. పూర్తిగా లాగితే పెట్రోలు ముంచేస్తుంది’ అని చెబుతున్నాడు. గిట్టుబాటైందా అని అడిగాం. ‘సామాన్ల డబ్బు వచ్చింది. తొమ్మిదేళ్ల శని, ఆదివారాలు లెక్కలో వేయలేదు’ అన్నాడు. ఆ అమ్మాయి కారుకన్నా ముందు ఆల్బమ్‌లు అందుకుంది.

చూడాలనుకుంటే...

పెబుల్ బీచ్ ప్రదర్శన సాధారణంగా ఆగస్టు మూడో ఆదివారం ఉంటుంది. టికెట్టు వందల డాలర్లు. ఆ వారం హోటళ్ల ధరలూ ఆకాశంలోనే ఉంటాయి. అయినా దిగులక్కర్లేదు. రోడ్డు యాత్రని దారిపక్కన నిలబడి ఉచితంగా చూడొచ్చు. సీసైడ్‌లో జరిగే ‘కాంకోర్స్ డి లెమన్స్’ మరీ సరదా. అక్కడ బహుమతులన్నీ అందవిహీనమైన డొక్కు కార్లకే!

మన దగ్గర...

మనకీ ఇలాంటి సంపద ఉంది. నిజాం కోసం తయారైన రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ని హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో చూడొచ్చు. వింటేజ్ వాహనాలకి కేంద్రం 2021లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటిన కార్లకీ, ద్విచక్ర వాహనాలకీ ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20 వేల రూపాయల రుసుము పెట్టారు. అయితే వాహనం అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. మాంటెరీలో ధర చెప్పే సూత్రమే ఇక్కడ చట్టంలోనూ ఉందన్నమాట.

ఇంట్లో తాతగారి స్కూటరో, అంబాసిడరో ఉందా? దాన్ని మెకానిక్ దగ్గరికి తోలేముందు పాత ట్రంకుపెట్టె ఓసారి తెరవండి. ఆర్‌సీ, కొన్నప్పటి రసీదు, పక్కన నిలబడి దిగిన ఫొటో ఏది దొరికినా పదిలంగా దాచండి. రంగు సంగతి తర్వాత చూసుకోవచ్చు.